ఏ ఊరమ్మా మీది?

ఫోను మోగేసరికి ఇందుమతి ఒక చెవికి వేరే ఫోను ఆనించుకుని ఆరోగ్యశాఖ ఆఫీసువాళ్ళు వినిపిస్తున్న సంగీతం వింటోంది. కళ్ళు ల్యాప్‌టాప్ మీద, ఈ వారం ఏ వాలంటీరు ఏ పూట కూర్చోవాలన్న లెక్క మీద ఉన్నాయి. కింద వంటింట్లో పప్పు మాడుతున్న వాసన మెట్లెక్కి వస్తోంది. అయినా లేవలేదు. సోమవారం పొద్దున కూర్చున్న మనిషి మధ్యాహ్నం దాటినా మంచినీళ్ళ కోసం కూడా లేవలేదంటే, ఆ ఇంట్లో ఎవరికీ కొత్త కాదు.

అత్లోన్‌లో ఆ ఇంటి మేడమీద చిన్నగది. కిందటేడు దాకా అందులో ఖాళీ సూట్‌కేసులు, చలికోట్లు ఉండేవి. కరోనా వచ్చి అందరూ ఇళ్ళలో పడ్డాక అదే "ఊరట" ఆఫీసు అయింది. ఐర్లండ్‌లో ఉన్న తెలుగువాళ్ళు మనసు బాగాలేనప్పుడు తెలుగులో మాట్లాడుకోవడానికి పెట్టిన ఫోను అది. ఇప్పుడు మోగింది ఆ ఫోనే.

తెరమీద నంబరు చూసి ఆమె ప్రాణం లేచొచ్చింది. పోయిన వారం తర్వాత ఆ నంబరు తన పూటలో ఒక్కసారి కూడా మోగలేదు. ఆరోగ్యశాఖ సంగీతాన్ని సగంలో కోసేసి, గబుక్కున ఎత్తింది.

"చెప్పు బిడ్డా, ఎట్లున్నవ్?"

"బిడ్డా లేదు, గిడ్డా లేదు." మగగొంతు. "ఎవరండీ మీరు? అసలు మీ ప్రాబ్లమ్ ఏంటి?"

"ఎవరు మాట్లాడేది?"

"ఈ ఫోన్ ఎవరిదో వాళ్ళ హస్బెండ్‌ని. రోహిత్. నా వైఫ్‌కి పిచ్చెక్కిందని మా వాళ్ళందరికీ చెప్పి కూర్చున్నారు కదా, ఇంకా ఎట్లా ఉన్నావని అడుగుతున్నారా?"

ఇందుమతికి అర్థం కాలేదు. "మేమెవ్వరికీ చెప్పలే బాబు. చెప్పం."

"చెప్పరా? మీ రావు అంకుల్ మా మామగారికి ఫోన్ చేశాడు. మా మామగారు మా నాన్నకి చేశాడు. ఇప్పుడు మా అమ్మ అక్కడ అర్ధరాత్రి దాకా మేలుకుని వీడియో కాల్ ఆన్ చేసి కూర్చుంటోంది. వంటింట్లో టాబ్లెట్ పెట్టమంది, రోజంతా కోడల్ని చూసుకుంటానంటోంది. నేనేమో పక్క రూములో ఆఫీస్ కాల్స్‌లో చావాలి. గురువారం జీపీ డాక్టర్ అపాయింట్‌మెంట్ క్యాన్సిల్ చేశాను. తీసుకెళ్ళాలంటే నేనే తీసుకెళ్తా, నేనే ట్రాన్స్‌లేట్ చేస్తా. మీ ఇంటర్‌ప్రెటర్లు మాకక్కర్లేదు."

"ఒక్కసారి ఆమెకు ఫోన్ ఇయ్యి బాబు. ఒక్క నిమిషం."

"షీ ఈజ్ గ్రాండ్," అన్నాడు. "ఈ ఫోన్ ఇక నా దగ్గరే ఉంటుంది. మళ్ళీ చేయకండి."

గ్రాండ్! ఈ దేశం వచ్చిన మనవాళ్ళు మొట్టమొదట నేర్చుకునే మాట అది, అంతా బాగానే ఉందని. జ్వరమొచ్చినా గ్రాండే, ఉద్యోగం పోయినా గ్రాండే, ఇల్లు కాలుతున్నా గ్రాండే. ఇందుమతి తిరిగి చేసింది. మోగలేదు. ఆ నంబరు ఆమెను అప్పటికే బ్లాక్ చేసి బయటికి నెట్టేసింది.

కుర్చీలోనే ఉండిపోయింది. "మమ్, సంథింగ్స్ బర్నింగ్!" అని కింద నుంచి కూతురు శ్రీలేఖ అరిచింది. "కట్టెయ్ బిడ్డా" అని మాత్రం అనగలిగింది.

ఆ ఫోను గల పిల్లకు ఇందుమతి పెట్టిన పేరు సహస్ర. అసలు పేరు ఆమెకు తెలియదు. తెలుసుకోకూడదన్నది ఊరటలో మొదటి నియమం. ఆ నియమం పెట్టించింది కూడా ఇందుమతే.

మన సంగతి మనకు తెలుసు కదా. ఇద్దరు తెలుగువాళ్ళు లుయాస్ రైల్లో ఎదురుపడితే పేరు తర్వాత అడుగుతారు, ముందు "మీదే ఊరండీ?" అంటారు. ఊరు చెప్పగానే ఇంటిపేరు. ఇంటిపేరు చెప్పగానే ఫలానావాళ్ళు మీకేమవుతారు. మూడు ప్రశ్నల్లో మనిషి కులం, తాహతు, మేనమామ ఉద్యోగం అన్నీ తేలిపోతాయి. దాన్ని మనం ఆప్యాయత అంటాం. ఊరట పెట్టిన కొత్తల్లో వాలంటీర్లు కూడా అలాగే అడిగారు. ఫోను చేసిన ఆడవాళ్ళు ఊరు చెప్పిన మరుక్షణమే గొంతు మార్చేవాళ్ళు. "ఏం లేదండీ, ఊరికే చేశాను" అని పెట్టేసేవాళ్ళు. ఆ పెట్టెయ్యడాలన్నీ విన్నది ఇందుమతి. కమిటీ మీటింగులో లేచి, "ఊరు అడుగుడు బందు చేస్తేనే నేనీ పని చేస్త, లేకుంటే ఇంకొకర్ని చూస్కోండ్రి" అంది. ఆమెలాగా సగంపూట జీతానికి రెండు రోజుల పని చేసే మనిషి మళ్ళీ దొరకదని అందరికీ తెలుసు కాబట్టి ఒప్పుకున్నారు.

ఊరట పెద్ద డాక్టర్ హనుమత్ప్రసాద్. మానసిక వైద్యుడు, ఆసుపత్రిలో మంచి పేరు. ఆడమనిషి డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు మొగుడో అత్తో దుబాసీగా కూర్చోకూడదని, ఆసుపత్రే దుబాసీని పెట్టి ఆమె మాటను ఒంటరిగా వినాలని ఆయన పత్రికల్లో రాశాడు, రేడియోలో మాట్లాడాడు. మనవాళ్ళలో మనసు జబ్బుల గురించి ఈ దేశంలో లేచిన మొదటి గొంతు అదేనని ఆయన్ని మెచ్చుకున్నారు. ఆ గొంతు వెనక ఉత్తరాలు రాసింది, సంతకాలు పోగుచేసింది, జీపీల రిసెప్షనిస్టులతో బతిమాలీ పోట్లాడీ దుబాసీలను పెట్టించింది ఇందుమతి. పోస్టరు మీద ఆమె పేరు ఉండదు. ఉండనక్కర్లేదు కూడా అనుకునేది. ఇవాళ్టి దాకా.

సహస్ర వాటర్‌ఫోర్డ్‌లో ఉంటుంది. నెలల పాప. కాన్పుకి రావాల్సిన తల్లి విమానాలు ఆగి రాలేకపోయింది. స్నానాలగదిలో కుళాయి తిప్పి, ఆ చప్పుడు చాటున మాట్లాడేది. "పాప ఏడుస్తుంటే ఎవరి పాపో ఏడుస్తున్నట్టుంటదక్కా" అని మొదలుపెట్టింది. తర్వాత ఒకరోజు, "పాపను బగ్గీ బండిలో తోసుకుని నది ఒడ్డుకి పోతున్నానక్కా. క్వే దగ్గర. ఆయన ఫ్రెష్ ఎయిర్ మంచిదన్నాడు. రోజూ కొంచెం నీళ్ళకి దగ్గరగా నిలబడుతున్నా" అంది. ఆ మాట విన్నాక ఇందుమతికి అన్నం సయించలేదు. పది ఫోన్లు చేసి గురువారానికి జీపీ అపాయింట్‌మెంట్ కుదిర్చింది, తెలుగు దుబాసీతో, భర్త లేకుండా. అసలు పేరు మాత్రం సహస్ర చేతే క్లినిక్‌కి చెప్పించింది. "గురువారం దాకా క్వే దిక్కు పోనని నాకు మాటియ్యి" అంటే, "సరే అక్కా" అంది సహస్ర. ఆ సరే మీదే ఇందుమతి బతుకుతోంది.

శనివారం ఇందుమతి సెలవు తీసుకుంది. ఆ పూట ఊరటకొచ్చే ఫోన్లు మళ్ళించుకుని తన ఇంట్లో కూర్చున్నది కమిటీ కార్యదర్శి వెంకటేశ్వర రావు.

రోహిత్ ఫోను పెట్టేశాక ఇందుమతి జీపీ క్లినిక్‌కి చేసింది ముందు. రిసెప్షనిస్టు మంచిదే, రద్దయిన అపాయింట్‌మెంట్ మళ్ళీ పెట్టి, డాక్టరు చేత ఆమెకు ఫోన్ చేయిస్తానంది, అడ్రస్ మాత్రం బయటివాళ్ళకి చెప్పకూడదంది. ఆ ఫోను ఎవరి జేబులో ఉందో ఇందుమతికి తెలుసు. గార్డులకు, అంటే ఇక్కడి పోలీసులకు, చెబుదామంటే చిరునామా అడుగుతారు. చిరునామా ఆమె ఏనాడూ అడగలేదు. తాను పెట్టిన నియమమే ఇప్పుడు తన కాళ్ళకు అడ్డం పడింది. ఈ దేశంలో ఆ పిల్ల ఇల్లు తెలిసిన మనిషి ఊరటలో ఒక్కడే ఉన్నాడు.

వెంకటేశ్వర రావు క్లోనీలో ఉంటాడు. పెద్ద కంపెనీలో మేనేజరు. ఏ పండగ చేసినా ఆయన చేతిమీదుగా దీపం వెలగాలి.

"ఆఁ, అవునమ్మా, నేనే మాట్లాడాను," అన్నాడు నిదానంగా. "పాపం ఒకటే ఏడుపు. ఏ ఊరమ్మా మీది అన్నాను, చెప్పింది. ఇంటిపేరు అడిగితే అదీ చెప్పింది. తీరా చూస్తే వాళ్ళ నాన్న హాస్టల్లో నాకు జూనియర్! ప్రపంచం ఎంత చిన్నదో చూడు."

"అడగొద్దని రూల్ ఉన్నది కద సార్."

"రూల్సూ గీల్సూ బయటివాళ్ళకమ్మా. మనపిల్ల అని తెలిశాక ఊరుకుంటామా? తండ్రికి చెప్పాను. తండ్రికి తెలియకూడదా? పెద్దవాళ్ళు చూసుకుంటారు. అత్తగారు పాపం పొద్దస్తమానం వీడియోలో తోడుంటోందట. ఇంతకన్నా ఏ డాక్టరేం చేస్తాడు?"

"గామె నది ఒడ్డుకు పోతున్న అన్నది మీకు చెప్పిందా సార్?"

"చిన్నపిల్లలు అట్టాగే అంటార్లే."

"వాళ్ళ అడ్రస్ చెప్పుండ్రి. నేను మనిషిని పంపిస్త."

"అది బాగుండదమ్మా," అన్నాడు. ఆ గొంతులో విసుగు మొదటిసారి వినపడింది. "కుటుంబ విషయం. నువ్వు ఇంక దీన్ని వదిలెయ్."

ఏ ఊరు, ఇంటిపేరు అంటూ మొత్తం రాబట్టిన మనిషికి అడ్రస్ అడిగేసరికి కుటుంబ విషయం అయిపోయింది! ఆ పిల్ల ఊరూ ఇంటిపేరూ ఆయన తర్వాత ఎందరికి చెప్పాడో మనకు తెలియదు. ఈ కథలో మాత్రం అవి రాయడం లేదు.

డాక్టరుగారు రెండు వార్డుల మధ్య దొరికాడు. అంతా విని ఒక నిట్టూర్పు విడిచాడు.

"రావుగారు చేసింది కరెక్ట్ కాదు, ఒప్పుకుంటాను. కానీ ఇంటెన్షన్ మంచిదే కదమ్మా. ఎల్లుండి మీటింగ్ అయ్యాక నేను మాట్లాడతాను. బుధవారం ఆరోగ్యశాఖ వాళ్ళు వస్తున్నారు. మనం అడిగింది ఒప్పుకుంటే ప్రతి కౌంటీలోనూ ఇంటర్‌ప్రెటర్‌ని పెడతారు. ఎంతమంది ఆడవాళ్ళకి మేలో ఆలోచించండి. ఈ టైమ్‌లో రచ్చ వద్దు." ఆగి, గొంతు తగ్గించాడు. "ఇంకోటి. ఆ సహస్ర కేసు మీరు చెప్పండి మీటింగ్‌లో. పేరు లేకుండానే. సక్సెస్ స్టోరీగా. మీరైతే బాగా చెప్తారు."

ఇందుమతి ఫోను పెట్టేసింది. ఏమన్నా అంటే ఆయన రెండో వార్డుకి ఆలస్యమవుతుంది.

ఆమెకు కోపమొస్తే అరవదు. చేతులు చురుగ్గా కదులుతాయి. ఆ సాయంత్రం వంటింట్లో అల్మరాలన్నీ ఖాళీ చేసి, కారం డబ్బాలు, పసుపు డబ్బాలు కింద పేర్చి, ఒక్కో అల్మరానీ తోమింది. మందుల ఫ్యాక్టరీలో షిఫ్టు ముగించుకుని వచ్చిన భర్త దేవదాసు, గుమ్మంలోనే మాస్కు తీస్తూ ఆ డబ్బాలు చూసి ఆగిపోయాడు.

"ఎవల మీద?" అన్నాడు.

"ఒక పెద్దమనిషి మీద."

"ఏం జేద్దామని?"

"బొంద పెడ్త."

దేవదాసు కింది డబ్బాలు ఒక పక్కకి జరిపాడు. పెళ్ళయినప్పటి నుంచీ ఆమె ఆ మాట అనడం ఇది రెండోసారి. మొదటిసారి జనగామలో అన్నది ఎవర్నో, ఏమైందో అతనికి బాగా గుర్తు.

బొంద పెట్టడానికి కావలసినదంతా ఇందుమతి దగ్గర ఉంది. అదే ఆమెను తినేస్తోంది. కిందటి ఏప్రిల్‌లో, ఊరట మొదలైన కొత్తలో, ఒక మగమనిషి ఫోన్ చేశాడు. పేరు చెప్పలేదు. ఇంటి వెనక తోటలో సామాన్లు పెట్టుకునే షెడ్డులో కూర్చున్నానన్నాడు. కంపెనీవాళ్ళు టీము మొత్తం తీసేసి తనను ఊరికే కూర్చోబెట్టారని, ఆ సంగతి భార్యకు తెలియకూడదని పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ షెడ్డులో ఖాళీ తెరతో గట్టిగట్టిగా మీటింగులు మాట్లాడుతున్నానని చెప్పాడు. "ఎవరూ లేని మీటింగులో నేనే జోక్ వేసి నేనే నవ్వుతున్నానమ్మా" అంటూ ఏడ్చాడు. ఇందుమతి వింటూ కూర్చుంది. "రేపు కూడా చెయ్యండ్రి" అంది. కొన్నాళ్ళు చేశాడు, తర్వాత మానేశాడు. ఎండాకాలంలో కమిటీలో కొత్తగా చేరిన కార్యదర్శి మొదటి మీటింగులో నోరు తెరవగానే ఆ గొంతును ఆమె పోల్చుకుంది. దేవదాసుకు కూడా చెప్పలేదు.

ఇప్పుడు ఫోన్ చేతిలోకి తీసుకుంది. ఐర్లండ్‌లోని తెలుగు కుటుంబాలన్నీ ఉన్న వాట్సాప్ గ్రూపు తెరిచింది. "షెడ్డులో కూసుండి ఉత్త తెరతో మాట్లాడే మేనేజరు ఎవరో తెలుసా?" అని కొట్టింది. ఒక్క నొక్కు చాలు. తెల్లారేలోగా క్లోనీ నుంచి కార్క్ దాకా ప్రతి వంటింట్లోనూ అదే ముచ్చట అవుతుంది. దీపాలు వెలిగించడానికి మళ్ళీ పిలవరు. ఆమె బొటనవేలు ఆ బాణం గుర్తు మీద చాలాసేపు ఉంది. ఆయన భార్య మొహం తలచుకుంది, జాలి కలగలేదు. ఆయన మొహం తలచుకుంది, పంపాలన్న ఊహ ఇంకా నచ్చింది.

చివరికి చెరిపేసింది. మంచితనం వల్ల కాదు. అది పంపితే రేపటినుంచి ఊరటకి ఒక్క ఫోనూ రాదు, ఒక్క పిల్ల కూడా కుళాయి తిప్పుకుని మాట్లాడదు. అంతకంటే ఇంకో సంగతి ఆమెకు తోచింది. పరువు పోయిన మనిషి నాలుగు రోజులు తల దించుకుని అయిదో రోజు మామూలవుతాడు. పోతుందేమోనని భయపడే మనిషికి ఆ నాలుగు రోజులు ఎప్పటికీ అయిపోవు. చెరిపేసిన చేత్తోనే మిగిలిన అల్మరా కూడా తోమింది.

మంగళవారమంతా ఆమె మీటింగు ఏర్పాట్లు చేసింది. వచ్చే అధికారుల పేర్లు సరిచూసింది, డాక్టరుగారి స్లైడుల్లో తప్పులు దిద్దింది. మధ్యమధ్యలో సహస్ర నంబరుకి చేస్తూనే ఉంది. ఆన్‌లైన్ మీటింగు అంటే అందరికీ తెర మీది మొహాలే కనపడతాయి. తలుపు ఎవరి చేతిలో ఉందో ఎవరికీ పట్టదు. ఎవర్ని లోపలికి రానివ్వాలి, ఎవర్ని బయట కూర్చోబెట్టాలి అన్నది ఇందుమతి వేలి కింద ఉంటుంది. ఏడాదిగా అదే పని చేస్తోంది కాబట్టి, అది అధికారమని ఆమెకు కూడా ఇవాళే తట్టింది.

బుధవారం మీటింగుకి ముందు, ధ్వని పరీక్ష అని చెప్పి డాక్టరుగారినీ రావుగారినీ మాత్రమే లోపలికి రానిచ్చింది. డాక్టరుగారు ఆసుపత్రి గదిలో టై సర్దుకుంటున్నాడు. రావుగారి వెనక తెరమీద బొమ్మ పుస్తకాల బీరువా ఉంది. ఆయన తల కదిలినప్పుడల్లా ఆ బొమ్మ అంచు చిరిగి, చెక్క పలకల గోడ కనిపిస్తోంది.

"నా వాయిస్ క్లియర్‌గా ఉందా అమ్మా?" అన్నాడు రావుగారు.

"ఉన్నది సార్. మీ గొంతు నాకు ఎప్పుడన్న క్లియర్‌గనే ఉంటది." ఇందుమతి కుర్చీ ముందుకు జరుపుకుంది. "ఒక మాట చెప్తా, వినుండ్రి. పోయిన ఏప్రిల్‌ల మన లైన్ పెట్టిన కొత్తల ఒకాయన ఫోన్ చేసిండు. ఇంటెన్క షెడ్డుల కూసున్న అన్నడు."

బీరువా బొమ్మ ఒక్కసారి వణికింది. పలకల గోడ సగం పైకి కనిపించి, మళ్ళీ మాయమైంది.

"ఇప్పుడవన్నీ ఎందుకమ్మా?" అన్నాడు డాక్టరుగారు చేతి గడియారం చూసుకుంటూ.

"ఉండుండ్రి సార్. ఆయన్ని నేను పేరు అడగలే. ఏ ఊరని అడగలే. ఇంటిపేరు అడగలే. ఆయన ఏడుస్తుంటే విన్న. మా ఇంట్ల మనిషికి గూడ చెప్పలే. తర్వాత ఆయనెవరో నాకు తెల్సింది. అయినా చెప్పలే."

 రావుగారి నుదుటి మీద చెమట తెరమీద కూడా మెరిసింది.

"భయపడకుండ్రి," అంది ఇందుమతి. ఆ మాట అంటున్నప్పుడు ఆమె గొంతులో దయ లేదు, ఉండాలని ఆమె అనుకోనూ లేదు. "నేను చెప్ప. కాని చెప్పనని మీకు నమ్మకం లేదు, అంతే. ఎవరికి ఎంత తెల్సో, ఎవరు మిమ్మల్ని చూసి ఏమనుకుంటున్నరో అని ఇగ పండుకున్నా లేచినా అదే ఉంటది. వాటర్‌ఫోర్డ్‌ల ఒక పిల్ల పాపను ఒళ్ళె పెట్టుకొని శనివారం నుంచి గట్లనే ఉన్నది."

డాక్టరుగారు ఒకసారి రావుగారి మొహం చూశాడు. ఆయన మానసిక వైద్యుడే కదా, అంతకన్నా చెప్పించుకోనక్కర్లేదు. టై మీది నుంచి చెయ్యి తీసేశాడు.

"ఏం చేయమంటారు?" అన్నాడు రావుగారు. ఇన్నాళ్ళూ నువ్వు తప్ప అనని మనిషి.

"మీ ఫోన్ తీసి ఆ రోహిత్‌కు చెయ్యండ్రి. నా ముందట, స్పీకర్ పెట్టి. వాళ్ళ నాయనకు మీ మాటంటే లెక్క ఉన్నది కద. రేపటి అపాయింట్‌మెంట్‌కు ఆ పిల్లను ఒంటరిగ పంపియ్యమనుండ్రి. ఆ వీడియో బందు చెయ్యమనుండ్రి. నేను తప్పు చేసిన అని మీ నోటితో చెప్పుండ్రి."

ఆ చివరి మాట కోసమే సోమవారం నుంచీ ఆమె అల్మరాలు తోముతోంది. రావుగారు ఫోన్ తీశాడు. ఒకసారి తప్పు నంబరు నొక్కాడు. రెండోసారి మోగింది.

"హలో అంకుల్," అన్నాడు రోహిత్. ఊపిరి అందనట్టుంది. "అంకుల్, మీరే చేశారా, థాంక్ గాడ్. మామయ్య వాళ్ళకేమైనా ఫోన్ చేసిందా తను?"

"ఏమైంది బాబూ? అమ్మాయేది?"

"తెలీదంకుల్. నేను మార్నింగ్ కాల్‌లో ఉన్నా. టాబ్లెట్‌లో అమ్మేమో వంటింట్లో ఎవరూ లేరు, పిలిస్తే పలకదు అని అరుస్తోంది. బగ్గీ లేదు. పాప లేదు. ఫోన్ నా దగ్గరే ఉంది కదా, ఎట్లా కాంటాక్ట్ చేయాలి?"

రావుగారు అనవలసిన మాట ఆయన నోట్లోనే ఉండిపోయింది. ఇందుమతి లేచి నిలబడింది.

"రోహిత్ బాబూ, నేను ఊరట నుంచి మాట్లాడుతున్న. క్వే దిక్కు ఉరుకు. నది ఒడ్డుకు. ఇప్పుడే."

"క్వే ఎందుకు? తను పార్క్‌కే..."

"నీకెందుకు చెప్పలేదో తర్వాత అడుగు. ముందు ఉరుకు. ఫోన్ బందు చెయ్యకు." తెర వైపు తిరిగింది. "సార్, అడ్రస్."

ఈసారి కుటుంబ విషయం అనలేదు. రావుగారు ఇంటి నంబరుతో సహా చెప్పాడు. ఇందుమతి ఊరట ఫోనుతో గార్డులకు చేసి, తనకొచ్చిన ఇంగ్లీషులో తడబడకుండా చెప్పింది. యువతి, నెలల పాప, బగ్గీ, క్వే, ప్రమాదముంది. అటువైపు మనిషి అన్నీ రాసుకుని, కారు పంపుతున్నామంది.

ఫోను కింద పెట్టేసరికి తెర మీద మూల డాక్టరుగారు చెయ్యి ఊపుతున్నాడు.

"ఇందుమతిగారూ, ఆరోగ్యశాఖ వాళ్ళు వెయిటింగ్ రూమ్‌లో ఉన్నారు. టైమైపోయింది. నాకు మెసేజ్ పెడుతున్నారు. గార్డులకి చెప్పారు కదా, మనం చేయగలిగింది చేశాం. అడ్మిట్ చేయండి."

"చెయ్య."

"అమ్మా, ఏడాది కష్టం ఇది. మీ కష్టమే. ఇవాళ పోతే మళ్ళీ ఎప్పుడిస్తారో తెలీదు. ఈ ఒక్క కేసు కోసం..."

"ఈ ఒక్క కేసును సక్సెస్ స్టోరీ అని చెప్పమంటిరి కద సార్. అది ఏమైతదో ఇనకుండ ఎట్ల చెప్త?"

రావుగారి చేతిలో ఫోను నుంచి పరుగు వినిపిస్తోంది. బూట్ల చప్పుడు, గాలి, మధ్యలో ఎవరితోనో "సారీ, సారీ" అనడం. ఆయన ఆ ఫోనును పట్టుకోలేక బల్ల మీద పెట్టి, కట్ చేద్దామన్నట్టు వేలు చాపాడు.

"ముట్టకుండ్రి," అంది ఇందుమతి. "చేతుల పట్టుకొని ఇనుండ్రి."

ఆయన మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. తెరమీద పుస్తకాల బీరువా ఎప్పుడో పోయింది. షెడ్డులో పలకల గోడ ముందు, లాన్ కోసే యంత్రం పక్కన, ముడుచుకుని కూర్చున్న నడివయసు మనిషి. ఇదే కదా ఆమె కోరుకున్నది. సోమవారం సాయంత్రం ఈ బొమ్మనే అందరికీ పంచిపెడదామనుకుంది. ఇప్పుడు ఎదురుగా ఉంటే దాన్ని చూసే తీరిక లేదు. కక్ష తీరిందా అని ఎవరైనా అడిగితే, తీరలేదనే చెప్పేది.

పక్కన బయట వేచి ఉన్నవాళ్ళ పేర్లు ఒకదాని కింద ఒకటి చేరుతున్నాయి. పెద్ద పెద్ద హోదాల వాళ్ళు. "అడ్మిట్ చేయండమ్మా, ప్లీజ్" అన్నాడు డాక్టరుగారు మళ్ళీ, ఈసారి మెల్లగా. ఇందుమతి మౌస్ మీద నుంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

ఫోనులో గాలి హోరు పెరిగింది. రోహిత్ పరుగు ఆగింది. రొప్పుతున్నాడు. తర్వాత గొంతు చించుకుని పెళ్ళాం పేరు పెట్టి పిలిచాడు. ఒకసారి, మళ్ళీ ఇంకోసారి. అదేదో దేవతల పేరు కాదు, పువ్వు పేరు కాదు, ఇంట్లో ముద్దుగా పిలుచుకునే చిన్న పేరు. ఇన్నాళ్ళు అడగకుండా దాచుకున్న ఆ పేరును ఇందుమతి మొదటిసారి అలా విన్నది. తనూ పెదవులు కదిపి ఆ పేరు పలికి, అవతల నుంచి ఎవరైనా పలుకుతారేమోనని ఊపిరి బిగబట్టి వింటోంది.